పడవవాడికి దక్కిన వరం

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆ యువకుడికి లోకం మీద కోపం ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు. వాళ్లమ్మ మాత్రం పుట్టుకతోనే వచ్చిందంటుంది. పసివాడిగా ఉన్నప్పుడు ఆకలేస్తే ఏడ్చేవాడు కాదట. పాలు పట్టాక, ఇంత ఆలస్యమెందుకయిందని ఏడ్చేవాడట. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ఈ కథ చెబుతుంది. అతను ప్రతిసారీ ముఖం గంటు పెట్టుకుని పక్క గదిలోకి పోతాడు. పోయి, తలుపు చాటున నిలబడి, వచ్చినవాళ్లు నవ్వారో లేదో వింటాడు.

అతని పని చిన్నదేమీ కాదు, అలాగని చెప్పుకునేంత పెద్దదీ కాదు. చూపు నంబరుకి తగ్గ అద్దం గుండ్రంగా వస్తుంది. దాన్ని ఫ్రేము ఆకారానికి అంచులు అరగదీసి, ఎక్కడా సందు లేకుండా కూర్చోబెట్టాలి. మెషిన్ మీద నీళ్లు పడుతూ ఉంటాయి. అద్దం పొడి వాటిలో కలిసి తెల్లటి బురదలా కారుతుంది. సాయంత్రానికి అది మోచేతుల దాకా ఎండిపోయి, పిండిమర నుంచి వచ్చినవాడిలా ఉంటాడు. ముందు గదిలో ఏసీ, వెలుతురు, నాలుగు వైపులా నిలువుటద్దాలు, వాటి మధ్య కౌంటరు కుర్చీలో ఓనరుగారి బావమరిది. ఆ బావమరిది వచ్చి ఏడాది కాలేదు. మనవాడైతే ఆ కుర్చీలో అయిదేళ్లుగా మనసులోనే కూర్చుని ఉన్నాడు.

చదువంటారా, అది సొంత సంపాదన. ఫుట్‌పాత్ మీద తూకానికి అమ్మే పుస్తకాలు తెచ్చుకుని చదివాడు. వాటిలో కొన్నిటికి మొదటి పేజీలు లేవు, కొన్నిటికి చివరి పేజీలు లేవు. అందువల్ల లోకంలోని సిద్ధాంతాలన్నీ అతనికి మధ్యలోంచి తెలుసు. షాపులో టీ కప్పు కొంచెం వెలితిగా వచ్చినా దోపిడీ అనే మాట వాడేవాడు. టీ తెచ్చేవాడు దాన్ని తిట్టు అనుకుని, మర్నాటి నుంచి ఇంకొంచెం తక్కువ పోసేవాడు.

ఇలాంటి మనిషికి ఒక రాజ్యం దొరికింది, ఆన్‌లైన్‌లో. దాని పేరు రేవుల రాజ్యం. ముప్పైమంది దాకా ఉన్న గ్రూపు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టుకుని, తమ పాత్ర ఏం చేసిందో ఏమన్నదో రాసి పోస్టు చేస్తారు. దానికి అవతలి పాత్ర తరఫున ఇంకొకరు జవాబు రాస్తారు. కథ అలా నడుస్తుంది. ఎవరి పాత్ర వాళ్లదే. ఒకరి పాత్ర చేత మరొకరు వేలు కూడా కదిలించకూడదు, దాని మనసులో ఏముందో రాయకూడదు. అది అక్కడి మొదటి కట్టుబాటు. గ్రూపు పెట్టినాయన పగలంతా డెలివరీ వ్యాను నడుపుతాడు. వ్యాను దిగాక రాజు. అందరూ ఆయన్ని రాజుగారనే పిలిచేవారు.

మనవాడు చేరిన రోజున పడవవాడి పాత్ర తీసుకున్నాడు. అందరూ యువరాజులూ మంత్రగత్తెలూ అవుతుంటే "నేను మాత్రం మామూలు పడవవాణ్ణి" అని రాశాడు. ఆ నిరాడంబరత్వాన్ని ఎవరైనా మెచ్చుకుంటారేమోనని రెండు రోజులు ఫోను చేతిలోంచి దించలేదు. ఎవరూ మెచ్చుకోలేదు. నిజంగానే మామూలు పడవవాడనుకున్నారు. మూడేళ్లుగా వాళ్లని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేరుస్తూనే ఉన్నాడు. గ్రూపులో అతని పేరే పడవ అయిపోయింది. "పడవా, రేపు మా సైన్యం దాటాలి, కాస్త చూడు" అని మెసేజీలు వచ్చేవి. వాళ్లక్క ఒకసారి భుజం మీదుగా అది చదివింది.

"ఏమైనా ఇస్తారట్రా, లేకపోతే అక్కడ కూడా ఓవర్‌టైమేనా?"

అతను ఫోను బోర్లా పెట్టి, సాహిత్యం నీకర్థం కాదులే అన్నాడు. అక్క బుద్ధిగా తలూపి, సాహిత్యానికి తెడ్డు వెయ్యడానికి వెళ్లేముందు గ్యాస్ బుక్ చెయ్యమంది.

అసలు పుండు వేరే ఉంది. రాజుగారు అప్పుడప్పుడు ఒక్కో పాత్రకి ఒక్కో వరం ఇచ్చేవారు. గాలిలో ఎగరడం, మాయమైపోవడం, జంతువుల భాష తెలియడం, అలాంటివి. వార్తలు మోసే పిల్ల పాత్ర రాసే ఒకావిడ ఉంది. టైలరింగ్ షాపులో కాజాలు కుడుతుంది. పడవ కంటే చాలా వెనక వచ్చింది. వచ్చిన నెలలోపే ఆవిడ పాత్రకి రెక్కలొచ్చాయి. అప్పటి నుంచి అందరూ ఆవిణ్ణి రెక్కలావిడ అనేవారు. ఎక్కడ ఎవరు ఆపదలో పడినా ఆ పిల్ల రివ్వున వాలడం, రెండు చేతులా ఎత్తుకుపోవడం. వాలిన చోటల్లా చప్పట్లు. అది పంటి బిగువున భరించాడు. తర్వాత రాజుగారితో పాటే వ్యాను నడిపే ఒకాయన కోట కాపలావాడుగా చేరాడు. చేరిన వారానికే అతని పాత్రకి చూపుతో నిప్పు పుట్టించే వరం వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒకడే అయి, చుట్టాలకి పంచుకుంటున్నాడని మనవాడికి తేలిపోయింది.

మధ్యాహ్నం భోజనం మానేసి, మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చుని, పెద్ద పోస్టు రాశాడు. అందులో కోపం ఎక్కువే గానీ, ఒక నిజం కూడా ఉంది. వరమున్నవాడు కథలోకి అడుగుపెట్టగానే మిగతావాళ్లు చూసేవాళ్లుగా మిగిలిపోతున్నారు. కష్టపడి వారం రోజులు అల్లుకున్న చిక్కుని నిప్పు చూపువాడు ఒక్క వాక్యంలో కాల్చేస్తున్నాడు. ఒకరికి రెక్కలివ్వడమంటే మిగతా అందరి కాళ్లూ కొంచెం కొంచెం నరికి అతికించడమేనని రాశాడు. ఆ వాక్యం రాశాక తనకే ఒళ్లు జలదరించింది. మూడుసార్లు చదువుకున్నాడు.

యుద్ధానికి సిద్ధమై కూర్చున్నాడు. ఎవరేమంటే ఏమనాలో జవాబులు కూడా రాసిపెట్టుకున్నాడు. రాజుగారి దగ్గర్నుంచి సాయంత్రం నాలుగు ముక్కలొచ్చాయి.

"నువ్వన్నది నిజమే తమ్ముడూ. నాకు ఈ ఇవ్వడం చేతకాదు. ఎలా ఇవ్వాలో నువ్వే రాయి. నేనూ దానికి లోబడతా."

తలుపు బద్దలు కొడదామని పరిగెత్తుకొచ్చినవాడికి తలుపు తీసి ఉంటే ఎలా ఉంటుందో అలా అయింది అతనికి. బోర్లా పడ్డాడు. లేచి, దులుపుకుని, న్యాయశాస్త్రం రాయడానికి కూర్చున్నాడు.

రాసినన్నాళ్లూ షాపులో పని పనిలా లేదు. ఒక పెద్దాయన కళ్లజోడులో కుడి అద్దం ఎడమకీ ఎడమది కుడికీ బిగించేశాడు. ఆయన మర్నాడు షాపు చదునైన నేల మీద మెట్లెక్కుతున్నట్టు పాదాలెత్తెత్తి వేసుకుంటూ వచ్చాడు. ఓనరుగారు అరవలేదు. వెనక గది గుమ్మం దగ్గర నిలబడి, "నాయనా, ఆయన కళ్లు ఎటువి అటే ఉన్నాయి, నేను చూశాను" అని మాత్రం అన్నారు. సమానత్వం గురించి ఆలోచిస్తున్నానని చెప్పుకోలేక మనవాడు స్క్రూలు విప్పాడు.

చివరికి తేలిన పద్ధతి ఇది. వరం కావలసినవాళ్లు అందరి ముందూ నోరు తెరిచి అడగాలి. ఇష్టం లేనివాళ్లు కారణం చెప్పి అడ్డు చెప్పవచ్చు. అడ్డు చెప్పినా వరం ఆగదు గానీ, దానికి ఒక వెల పడుతుంది. ఆ వెల ఏమిటో అడిగినవాడు నిర్ణయించుకోకూడదు, అందరికంటే గట్టిగా అడ్డుపడ్డవాళ్లు నిర్ణయించాలి. వెల చూశాక అమ్మో అని వెనక్కి తగ్గడానికి లేదు. వరం వాడిన ప్రతిసారీ వెల చెల్లించాలి, ఎగ్గొడితే వరం పోతుంది. చెల్లించిందీ లేనిదీ గ్రూపంతా చూసి చెబుతారు. పాత వరాలకి కూడా ఇదే వర్తిస్తుంది.

పైకి ఇది ఎంతో లోతైన ఆలోచనలా ఉంది. లోపల ఉన్నది ఆ చివరి వాక్యమొక్కటే. రెక్కలకి అందరికంటే గట్టిగా ఎవరు అడ్డుపడతారో, వెల ఎవరు రాస్తారో అతనికి ముందే తెలుసు.

అలాగే రాశాడు. చేతులు ఖాళీగా ఉంటేనే రెక్కలు పని చేస్తాయి, ఎవరినీ దేన్నీ మొయ్యకూడదు. దాంతో ఆ ఎత్తుకుపోవడాలు, చప్పట్లు అయిపోయినట్టే. పోస్టు చేసి చంకలు గుద్దుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత వరద ఘట్టంలో రెక్కలావిడ పాత్ర నీళ్ల మీద ఎగురుతూ వచ్చింది. కింద చెట్టు కొమ్మ పట్టుకుని ఒక పిల్లవాడు వేలాడుతున్నాడు. ఎత్తుకుంటే తనూ పడిపోతుంది. ఆ పిల్ల వాడి చుట్టూ తిరుగుతూ, పడవ వచ్చేదాకా వాడితో కబుర్లు చెబుతూనే ఉంది, నిద్రపోకు, నాకు నీ పేరు చెప్పు, నీ మేక పేరు చెప్పు అంటూ. గ్రూపులో అందరూ కంటతడి పెట్టారు. ఇంత బాగా ఆవిడ ఎన్నడూ రాయలేదన్నారు. పడవ కూడా షాపు వెనక గదిలో ముక్కు ఎగబీల్చి, అద్దం పొడి పడిందనుకున్నాడు. కీడు చేద్దామని పోసిన నీళ్లకి ఆవిడ మొక్క ఏపుగా పెరిగింది.

ఇక తనవంతు. అతను కోరుకున్న వరం ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. తన పడవ ఎక్కినవాళ్ల మనసులో మాట తనకి వినిపించాలి. రాజుగారు ఉత్తరపు ఒడ్డున యుద్ధానికి బయలుదేరుతున్నారు. ఆ ఆదివారమే రాజు పాత్ర ఒంటరిగా నది దాటాలి. ఆ దాటడంలో రాజు గుండెలోని రహస్యం పడవవాడికి తెలిస్తే ఇక రాజ్యమంతా పడవవాడి చుట్టూ తిరుగుతుంది. మూడేళ్లు తెడ్డు వేసినందుకు ఒక్కరోజు కథకి తను మధ్యలో నిలబడాలి. అంతకంటే అతనికేమీ అక్కర్లేదు, అంతకు తక్కువైతే బతకలేడు.

పద్ధతి ప్రకారం అందరి ముందూ అడిగితే, అడ్డుపడింది ఒక్కరే. రెక్కలావిడ ఇలా రాసింది: "అందరి మనసులో ఏముందో పడవకి ఇప్పటికే తెలుసుగా. మళ్లీ వరమెందుకు?" దాని కింద నవ్వు బొమ్మలు బారులు తీరాయి. ఆ కిందనే వెల. ఇతరుల మనసు విన్న ప్రతిసారీ, ఆ క్షణంలో తన మనసులో ఉన్నది పడవవాడు పైకి చెప్పాలి. మెరుగులు దిద్దకూడదు.

వెనక్కి తగ్గడానికి లేదన్న నియమం ఏ మహానుభావుడు పెట్టాడో అతనికి గుర్తొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చున్నాడు. అమ్మ ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. అక్క గోళ్లు కత్తిరించుకుంటోంది. ఫోనులో రాజు పాత్ర పడవెక్కింది. పడవవాడు తెడ్డు వేస్తూ చెవి వొగ్గాడని రాశాడు. ఇప్పుడు రాజు మనసులో ఏముందో రాజుగారే రాయాలి. కొంచెంసేపటికి వచ్చింది.

రాజు మనసు ఇలా అనుకుంటోంది: "రేపటి యుద్ధం గెలుస్తానని నాకు నమ్మకం లేదు. అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు, అడిగినవాళ్లకి లేదనడం రాక ఇస్తూనే వచ్చాను. ఈ పడవవాడు మాత్రం మొన్నటి దాకా ఒక్కసారీ ఏమీ అడగలేదు, మొన్న అడిగిందీ ఇతరుల మాట వినడమే. ఈ రాజ్యంలో తృప్తిగా ఉన్నవాడు వీడొక్కడే. వీణ్ణి చూస్తే నాకు అసూయ."

అతను వెంటనే పాత పోస్టులు పైకి జరిపి చూశాడు. రెక్కలావిడ వచ్చిన కొత్తలో, "రాజుగారూ, నా పాత్రకి రెక్కలుంటే బాగుంటుంది, ఇస్తారా?" అని ఒక్క వాక్యం రాసి ఉంది. నిప్పు చూపువాడిదీ అంతే. తను రాసినవి వెతికాడు. చురకలున్నాయి, నిట్టూర్పులున్నాయి, పడవవాడి బతుకు మీద పేజీలకి పేజీలున్నాయి. ఇవ్వండి అన్న మాట మాత్రం, మొన్నటి వరానికి ముందు ఎక్కడా లేదు. అడగడం తన స్థాయికి తక్కువని, వాళ్లే గుర్తించాలని కూర్చున్నాడు. వాళ్లు గుర్తించలేదు సరికదా, తృప్తి అనుకున్నారు.

వెల చెల్లించాలి. మొదట ఇలా రాశాడు: "మహారాజా, ఈ నది ఉన్నంతకాలం నా రాజ్యభక్తి చెక్కుచెదరదు." రెక్కలావిడ వెంటనే, "పడవా, ఇది నీ మనసా, గోడ మీద రాసే సూక్తా?" అంది. ఇది చెల్లదని పదిమంది చేతులెత్తారు. రెండోసారి ఏలేవాడికీ ఏలబడేవాడికీ మధ్య ఉన్న చరిత్ర గురించి ఒక పేరా రాశాడు. అది పుస్తకంలోది, మధ్య పేజీల్లోది. నిప్పు చూపువాడు చదివి, "బాగుంది, కానీ ఇందులో నువ్వెక్కడున్నావు భయ్యా?" అన్నాడు. అదీ చెల్లలేదు. ఇంకొక్కసారి చూస్తామన్నారు.

"ఏమైందిరా, మొహం అలా పెట్టావు?" అంది అమ్మ.

అక్క ఫోను లాక్కుని, రాజు మనసులో మాట గట్టిగా చదివింది. చదవడం అయ్యాక తృప్తి అన్న చోట మళ్లీ ఒకసారి చదివి, కడుపు పట్టుకుని నవ్వింది.

అమ్మ నవ్వలేదు. చొక్కా చేతులు లోపలికి మడుస్తూ, "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టాను వీడికి, అందుకే ఇలా తయారయ్యాడు" అంది.

ఊరుకుంటే ఏమవుతుందో అతను లెక్క వేసుకున్నాడు. వరం పోతుంది. పోతే పోనీ. కానీ పడవవాడు తృప్తిగల మహామనిషని, రాజంతటివాడు అసూయపడ్డాడని గ్రూపులో నిలిచిపోతుంది. ముప్పైమంది దృష్టిలో అంత గొప్ప పేరు ఇంతవరకు ఎవరికీ రాలేదు. నోరు మూసుకుంటే చాలు, ఊరికే వస్తోంది. నిజాయితీపరుడైతే ఇక్కడ నిజం కోసం ఆ పేరు వదులుకునేవాడు. మనవాడు అంత మంచివాడు కాదు. ఇన్నేళ్లు కడుపులో మంటపెట్టుకుని, ఆరకుండా ఊదుకుంటూ కాపాడుకొచ్చిన కోపాన్ని ఎవడో వచ్చి తృప్తి అనేస్తే అతనికి ప్రాణం పోయినట్టయింది. ఆ అవమానం భరించలేక నిజం చెప్పాడు.

"తృప్తా? నాకా?" అన్నాడు పడవవాడు. "ఆ పిల్లకి రెక్కలొచ్చిన రోజు నేను నదిలోకి ఉమ్మేసి మూడు రోజులు ఎవరినీ దాటించలేదు, జ్వరమని చెప్పాను. న్యాయం న్యాయమని నేనెత్తిన గొడవంతా దానికే. ఆ రెక్కలు నాకే ఇచ్చి ఉంటే, ఈ రాజ్యంలో అన్నీ సవ్యంగానే ఉన్నాయని నేనే పాట కట్టి పాడేవాణ్ణి. ఆ పిల్లకి చేతులు ఖాళీగా ఉంచింది కూడా నేను కుళ్లుతోనే. అదింత బాగుంటుందని తెలిస్తే పెట్టేవాణ్ణే కాదు."

పంపాక ఫోను బల్ల మీద పెట్టేసి, అది పేలుతుందేమోనన్నట్టు కుర్చీ వెనక్కి జరిపాడు. ముందు రెక్కలావిడ దగ్గర్నుంచి ఒక్క మాట వచ్చింది: "చెల్లింది." ఆ వెనకే ఒకటొకటిగా చేతులు లేచాయి. ఎవరూ నవ్వు బొమ్మ పెట్టలేదు. అదేదో పెట్టినా బాగుండేదనిపించింది అతనికి.

రాజు పాత్ర పడవలో ముందుకి వంగి అడిగింది: "మరి ఇప్పుడేం కావాలి నీకు?"

ఏమైనా అడగవచ్చు. ఇన్నాళ్ల బాకీ అంతా ఒక్కసారి కక్కించవచ్చు. మాయమవడం అడుగుదామా, గాలిని ఆపడం అడుగుదామా అని తలలో గబగబా దొర్లించాడు. ఏది తీసుకున్నా ఎవరో ఒకరు అడ్డుపడి వెల రాస్తారన్నది గుర్తొచ్చి వేళ్లు ఆగాయి. అవీ కాక, అడగడం అలవాటు లేనివాడికి పెద్దవి నోట రావు. చివరికి పడవవాడు ఇలా అన్నాడు: "చేతులు లాగేస్తున్నాయి మహారాజా. కాసేపు తెడ్డు మీరు వెయ్యండి."

దానికి అడ్డు చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచలేదు. రాజు కిరీటం తీసి పడవ అడుగున పెట్టి, తెడ్డు అందుకున్నాడు. వ్యాను నడిపేవాడికి పడవ నడపడం రావాలని ఎక్కడా లేదు. పడవ ముందుకి పోకుండా ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది. ఉత్తరపు ఒడ్డున సైన్యం తరఫున రాసేవాళ్లు, ఎంతసేపని అడగసాగారు. రాజుగారు ఎడమకి వెయ్యబోయి కుడికి వేశానని, తెడ్డు దెబ్బకి నీళ్లు లేచి పడవవాడి ముఖాన పడ్డాయని రాశారు.

ఒకరి పాత్ర మీద ఇంకొకరు ఇలా రాయవచ్చా అని అతను ఒక్క క్షణం ఆలోచించాడు. రాయవచ్చు. నీళ్లు ఎవరి పాత్రా కాదు.

"పడవవాడు ముఖం తుడుచుకున్నాడు" అని రాశాడు.